పంజా మోగని ఇల్లు

మా అత్త ముఖం నిండా మశూచి మచ్చలు. కాపురానికి వెళ్లిన కొత్తలో ఆ ముఖాన్ని సూటిగా చూడడానికి జంకేదాన్ని. ఆవిడ అది కనిపెట్టింది. "ఏందే, నా మొకం మీద పేలాలు ఆరబోసిన్రా, గట్ల చూస్తవ్?" అని పదిమందిలో అనేసింది. సిగ్గుతో చచ్చాను. నా నోరూ చిన్నదేమీ కాదు. కాకపోతే అప్పటికి నాకు పదహారేళ్లు, ఆ ఇంట్లో నోరు విప్పే ధైర్యం ఇంకా రాలేదు.

వరంగల్లులో మా సందంతా జంపఖానాలు నేసేవాళ్లే. మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. పోగు వేసినప్పుడల్లా దాన్ని ఇనుప పళ్లున్న పంజాతో దిగ్గొట్టాలి. ఇంటికో పంజా అనుకున్నా పొద్దంతా ఎంత మోతో ఊహించుకోండి. మొదటి నెల నాకు తలనొప్పి వదల్లేదు. తర్వాత ఆ చప్పుడు చెవికి ఎక్కడమే మానేసింది. మా ఇంట్లో మా ఆయన, ఆయన తమ్ముడు కలిసి నేసేవాళ్లు. మా మరిదికి పద్దెనిమిదేళ్లు. వాడి చేతి పని చూడడానికి పక్క సందుల వాళ్లు వచ్చేవారు. ఎంత మంచి పనివాడో అంత కొంటెవాడు. నా కూతురు ఏడిస్తే పంజా తాళం మార్చి కొట్టి నవ్వించేవాడు.

అవి నిజాం సర్కారు రోజులు, నలభైల మొదట్లో. నా కూతురికి ఏడో నెల నడుస్తోంది. రైలు స్టేషన్ వైపు కూలీల గుడిసెల్లో అమ్మవారు పోసిందని కబురు వచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండా మా సందు మొదట్లో డప్పు మోగింది. "అమ్మవారు పోసినోళ్లను ఇండ్లల్ల దాస్తే జుర్మానా! అందరు టీకాలు ఏయించుకోవాలె!" అని చాటింపు. అది వినగానే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులేసుకున్నారు. టీకాలో ఆవు రక్తం కలుపుతారని ఒకరు, వేయించుకుంటే పిల్లలు పుట్టరని ఒకరు చెప్పుకున్నారు. కోట దారిలో ఊరికి దూరంగా సర్కారు తడకల షెడ్లు వేయించింది. జబ్బు పడ్డవాళ్లను బండిలో వేసుకుని అక్కడికి తీసుకుపోతున్నారు. ఆ షెడ్ల మాట ఎత్తితే మీసాలున్న మగవాళ్లు కూడా గొంతు తగ్గించేవారు.

మా మరిదికి జ్వరం తగిలింది. మూడు రోజులు కాల్చేసింది. నాలుగో రోజు పొద్దున నుదుటి మీద ఎర్రగా పొక్కులు. అత్త దీపం పెట్టి చూసింది. ఆవిడ ముఖంలో భయం చూడడం నాకదే మొదలు. అది కూడా ఒక్క క్షణమే. వెంటనే చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుని, కన్నకొడుక్కి రెండు చేతులెత్తి దండం పెట్టింది. "వచ్చినవా తల్లీ. సల్లగ చూడు తల్లీ," అంది. నిన్నటిదాకా చెవి మెలిపెట్టి తిట్టిన కొడుకును దేవతగా చూడడం ఎలా సాధ్యమైందో ఆ తల్లికి, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక ఇంట్లో పోపు లేదు, తల దువ్వుకోవడం లేదు. పంజా అసలే ముట్టకూడదు. ఆ దెబ్బ అమ్మవారి ఒంటి మీద పడుతుందని మా వాళ్ల నమ్మకం. మా ఆయన పంజాను తడిగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. గుమ్మానికి వేపమండలు కట్టారు. వెనక గదిలో మరిది, వాడితో అత్త. ముందు గదిలో నేను, పసిపిల్ల, మూగబోయిన మగ్గం. నన్ను వర్ధన్నపేటలో మా అమ్మగారింటికి పంపమని మా ఆయన కాళ్లావేళ్లా పడ్డాను. అత్త లోపలి నుంచే అరిచింది.

"తల్లి ఇంట్ల ఉండంగ గడప దాటుతవా? నీ ఎంబడే వస్తది. మీ అవ్వగారింటికి గూడ అంటిస్తవానే?"

అప్పుడు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తలచుకుంటే ఆవిడ చెప్పిందే సబబు.

అసలు తంటా వేపమండలతో వచ్చింది. సర్కారు మనుషులు మండలున్న గుమ్మం కోసమే వెతుకుతున్నారని తెలిసింది. తీసేస్తే తల్లికి కోపం, ఉంచితే కొడుకు షెడ్డుకు పోతాడు. అత్త ఒక పూట ఆలోచించింది. ఆ సాయంత్రం గడప లోపలే నిలబడి ఎదురింటామెను పిలిచి ఏదో చెప్పింది. చీకటి పడేలోగా సందులో ముప్పై ఇళ్లకూ మండలు వేలాడాయి. ఎందుకని ఒక్కరూ అడగలేదు. మావాళ్లు నీళ్ల దగ్గర కొట్టుకుంటారు, దారం దగ్గర తిట్టుకుంటారు. ఒక్క ఇంటి బిడ్డను దాచాలనేసరికి అంతా ఒక్కటయ్యారు. గుమ్మంలోంచి అటూ ఇటూ చూస్తే నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

మర్నాడు టాంగాలో డాక్టర్ సాబ్ వచ్చాడు. సందు మొదట్లో దిగి చూశాడు, గుడ్లు తేలేశాడు, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాడు. మధ్యాహ్నానికి సందు రెండు కొసలా తాళ్లు కట్టి జవాన్లను నిలబెట్టారు. ముప్పై ఇళ్లలోనూ అమ్మవారేనట! బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. కూరగాయలు లేవు, పాలు లేవు. పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. నా పిల్లను తీసుకుని పారిపోదామన్నా ఇక దారి లేదు. ఆ పూట నా నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది.

"నీ యాపమండలు అందరిని ముంచినయి అత్తా! నా బిడ్డకు ఏమన్నయితే నిన్ను ఇడిశిపెట్ట!" అని వెనక గది తలుపు బయట నిలబడి అరిచాను.

ఒక నిజం చెప్పాలి. వాళ్లు వచ్చి మరిదిని తీసుకుపోతే బాగుండునని నేను మనసులో కోరుకున్నాను. నా పిల్లను ఆడించిన ఆ పిల్లవాణ్ణి! ఆ పాపం ఇన్నేళ్లకు ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

తాడు కట్టిన మూడో రోజు డాక్టర్ సాబ్ ఒక నర్సమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన తాడు అవతలే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆమె తెలుగు క్రైస్తవుల ఆడపడుచు, ముప్పై ఏళ్లుంటాయేమో. తెల్ల చీర, చేతిలో రేకు పెట్టె. తాడు కింద నుంచి వంగి ఒక్కతే లోపలికి వచ్చింది. ఏ తలుపూ తట్టలేదు, ఎవర్నీ పిలవలేదు. ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, మా అరుగు మీద కూర్చుంది. నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. అత్త బయటికి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పెద్దమ్మా, మా నాయన గూడ నేతపనోడే. అమ్మవారున్న ఇంట్ల పంజా కొడ్తరా?" అని అడిగింది నర్సమ్మ.

అత్త గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ముప్పై ఇండ్లకు మండలున్నయి. అన్ని ఇండ్లల్ల పంజా మోగుతాంది. మోగంది ఈ ఒక్క ఇల్లే."

మేం నోళ్లు తెరిచాం. అందరూ మండలు కట్టారు గానీ, పంజా ఆపాలని ఏ ఒక్కరికీ తట్టలేదు! ఎలా తడుతుంది? ఇంట్లో ఉన్న కాస్త దారమైనా నేయకపోతే గడవదు, పైగా ఆ మోత మా చెవులకు మోతే కాదు. పొద్దంతా మేం మోగిస్తూ మాకే వినబడలేదు.

"పొయ్యి చెప్పుకో పో. ఎవ్వడొస్తడో రానీ, పొయ్యిల కట్టె పట్టుకొని నిలవడ్త," అంది అత్త.

"చెప్పేదాన్నయితే నీ అరుగు మీద ఎందుకు కూసుంట?" అంటూ నర్సమ్మ అత్త ముఖంలోకి సూటిగా చూసింది. నేను రెండేళ్లుగా చూడలేని ముఖం అది. "ఈ మచ్చలు ఎన్నేండ్లప్పటియి పెద్దమ్మా?"

"ఆరేండ్ల పిల్లను. ముగ్గురం పడ్డం. నేనొక్కదాన్నే మిగిలిన."

"మల్ల వచ్చిందా?"

"ఒకపారి వచ్చిపోయినోళ్ల దగ్గరికి తల్లి మల్ల రాదు. గదిగూడ ఎరుక లేదా నీకు? నేను ఎంతమంది మంచాల కాడ కూసున్న!"

"నాకు ఎరుకే. ఆ డాక్టర్ సాబ్‌కు గూడ గదే ఎరుక. టీకా అంటే గంతే పెద్దమ్మా. దూడ పొక్కుల కెల్లి తీసిన సుక్క మందు. తల్లిని మనమే చిన్నగ పిలిచి, చెయ్యి మీద ఇంత జాగ ఇచ్చి, సాగనంపుడు. ఒకపారి వచ్చిపోయినంక మల్ల రాదు గద."

అత్త తన చెంప మీది మచ్చలను వేలితో తడిమింది. డప్పుగాడు ఎంత అరిచినా చెవినబెట్టని మనిషి. ఈ మాట మాత్రం ఆవిడకు తెలిసిన మాటే, తన ముఖం మీద రాసి ఉన్న మాటే. నా వైపు తిరిగి, "తే పిల్లను," అంది.

పిల్ల కోసం అత్త మీద అంత అరిచిన నాకు తీరా ఆ క్షణంలో చేతులు ఆడలేదు. అత్తే వచ్చి పిల్లను నా చంకలోంచి తీసుకుంది. నర్సమ్మ చేతులు సబ్బుతో కడుక్కుని, ఒక చుక్క మందు పిల్ల జబ్బ మీద వేసి, చిన్న ఇనుప పళ్లదానితో ఒత్తి తిప్పింది. పిల్ల గుక్కపట్టింది.

"నాలుగైదు రోజులకు ఈడ పొక్కు లేవాలె. లేస్తెనే పట్టినట్టు. లేవకపోతే నాకు కబురు పెట్టున్రి," అంది నర్సమ్మ.

పిల్లను నాకిచ్చి అత్త ఆమె వైపు తిరిగింది. "చిన్నోన్ని షెడ్డుకు తోల్కపోన్రి. ఈ పిల్ల ఉన్న ఇంట్ల వాడుండద్దు. నేను గూడ వస్త."

అంతటితో ఊరుకోలేదు. చరచరా తాడు దాకా నడిచి డాక్టర్ సాబ్ ముందు నిలబడింది. "నా ఒక్క ఇంట్లనే ఉన్నది సాబ్. కడమోళ్ల ఇండ్లల్ల ఏం లేదు. ఆ మండలు నేనే కట్టిపిచ్చిన. శిచ్చ ఏస్తె నాకెయ్యి, వాళ్లను ఇడిశిపెట్టు," అంది. ఆయన కుర్చీలోంచి లేచాడు. ఇంటివాళ్లు షెడ్డులోకి పోవడానికి ఇజాజత్ లేదని సగం ఉర్దూలో, సగం తెలుగులో చెప్పాడు. "ఆమె మొకం చూడున్రి సాబ్. ఆమెకు మల్ల రాదు. ఆడ చూసుకునేటోళ్లు మనకు ఇద్దరే ఉన్నరు," అంది నర్సమ్మ. ఆయన చూశాడు. "ఠీక్ హై, జానే దో," అన్నాడు.

బండి వచ్చింది. మరిదిని చాప మీద పడుకోబెట్టి తెచ్చారు. గుర్తుపట్టేలా లేడు. గుమ్మం దాటేటప్పుడు వాడు మా ఆయనతో, "నా దిక్కు పని అట్లనే ఉండనీ అన్నా, నేనొచ్చి నేస్త," అన్నాడు. మా ఆయన గోడకు తిరిగి నిలబడ్డాడు. బండి వెనక అత్త నడిచింది, చేతిలో వేపమండ, తల మీద చెంగు లేదు, మచ్చల ముఖం ఎండలో నిటారుగా. బండి ముందుకు పోతుంటే ఒక్కో ఇంట్లో పంజా ఆగిపోయింది. ఆ సందులో అంత నిశ్శబ్దం నేను మళ్లీ ఎరగను. గుమ్మాల్లోకి వచ్చిన ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే చేతులు జోడించారు. నేనూ జోడించాను. అమ్మవారికా, అత్తకా అంటే చెప్పలేను.

సందంతా టీకాలు వేయించుకుంటేనే తాడు విప్పుతామన్నారు. ఆవు రక్తమన్నవాళ్లే అందరికంటే ముందు చేతులు చాపారు.

ఆ రోజు నుంచి గంటకోసారి నా పిల్ల జబ్బ చూడడమే నా పని. నాలుగో రోజు ఏమీ లేదు. ఐదో రోజు చిన్న ఎర్రదనం. ఆరో రోజు కందిగింజంత పొక్కు లేచింది, నడుమ చిన్న గుంటతో. అచ్చం మరిది నుదుటి మీద చూసినటువంటిదే. పిల్లకు ఒళ్లు కాలింది. ఇల్లంతా, ఊరంతా గడగడలాడించిన తల్లి నా బిడ్డ చేతి మీద అంత చోటులో ఒదిగి కూర్చుందా! భయమో భక్తో తెలియక పిల్లను ఒళ్లో పెట్టుకుని రోజంతా అలాగే ఉండిపోయాను.

తొమ్మిదో రోజు నర్సమ్మ వచ్చి వీధిలోనే నిలబడింది. మరిది పోయాడు. మా ఆయన పరుగెత్తాడు. దూరం నుంచే చూపించి అక్కడే పూడ్చారు. అత్తను తీసుకొద్దామని పిలిస్తే రాలేదట. తల్లులు లేని పిల్లలు అక్కడ ఇంకా ఉన్నారట.

తర్వాత నర్సమ్మ అటుగా వచ్చినప్పుడల్లా కబుర్లు చెప్పేది. అత్త పిల్లలకు మజ్జిగ పడుతోందట, గోక్కోకుండా చేతులకు మెత్తటి గుడ్డ చుడుతోందట. "గీకినవనుకో, నా మొకం వస్తది చూస్కో," అని బెదిరిస్తే ఏడ్చే పిల్లలు కూడా నవ్వేవారట. చివరికి నర్సమ్మ గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది. "కొడుకు పోయిన్నాటి సంది ఒక్క సుక్క కన్నీరు పెట్టలే. నాకు బుగులైతాంది."

నెల దాటాక షెడ్లు ఖాళీ అయ్యాయి. ఒక పొద్దున అత్త వచ్చింది. తలంటుకుని ఉంది, సర్కారు వాళ్లిచ్చిన కొత్త చీర కట్టుకుంది. సందు మొదట్లోనే ఆగిపోయింది, ఇంట్లోకి రాలేదు. నేను పిల్లను ఎత్తుకుని పరుగెత్తాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆవిడే నోరు తెరిచింది.

"పొక్కు లేసిందా?"

పిల్ల జబ్బ చూపించాను. చెక్కు రాలిపోయి గుండ్రటి మచ్చ పడి ఉంది. అత్త బొటనవేలితో ఆ మచ్చను రెండుసార్లు నిమిరింది. "పట్టింది," అంది. పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని, నడి సందులో మట్టిలో కూలబడి, అప్పుడు కొడుకు కోసం ఏడ్చింది.