కొంగ బండి పంపకాలు

మొన్న మా తమ్ముడి కొడుకు కొత్త లారీ కొన్నాడు. పూజ అయిన వెంటనే బండిని సూర్యాపేటలో మా సందు మొదటి దాకా తెచ్చి ఆపి, పెద్దనాయిన ఒకసారి ఎక్కి కూర్చుంటే తప్ప లోడుకు పంపనని పట్టుబట్టాడు. వాడు కింద నుంచి నెడితే, డ్రైవరు పై నుంచి లాగితే, మొత్తానికి ఎక్కాను. జన్మంతా బస్తాలు మోయించిన వాణ్ణి, చివరికి నేనే ఒక బస్తానై బండెక్కుతానని ఎన్నడూ అనుకోలేదు. లోపల చల్లగా ఉంది, సీటు మా ఇంటి పరుపు కంటే మెత్తగా ఉంది, ముందర చిన్న టీవీ లాంటి అద్దం ఒకటి వెలుగుతోంది. బండికి ఎక్కడ ఏ నలత వచ్చినా ఆ కబురు ముందు కంపెనీకే పోతుందట. ఎక్కడ ఆపాలో, ఎవరు వచ్చి బాగుచేస్తారో వాళ్ళే ఫోను చేసి చెబుతారట. వాడు స్టీరింగు నిమురుతూ, "ఇగ ఖరాబైతే ఎవ్వర్ని అడిగే పని లేదు పెద్దనాయినా" అన్నాడు.

మంచిదే కదా అని ఆశీర్వదించి దిగాను. ఆ మాట మాత్రం దిగకుండా నాతోపాటే ఇంట్లోకి వచ్చి, పక్కన కూర్చుంది. ఈ మధ్య నా పక్కన కూర్చునేవి మాటలే, మనుషులు తక్కువ.

మన ఈడు వాళ్ళకు కొంగ బండి గుర్తుండే ఉంటుంది. దాన్ని చేసిన కంపెనీ ఇప్పుడు లేదు. దాని అసలు పేరు చెప్పినా మా వైపు ఎవరూ పోల్చుకోలేరు, ఎందుకంటే ఆ పేరుతో దాన్ని మేము ఎన్నడూ పిలవలేదు. బండి ముందు భాగాన రెక్కలు విప్పిన తెల్లని పక్షి బొమ్మ ఉండేది. అది రాజహంస అని కంపెనీ వాళ్ళు చెప్పుకున్నారు. సాగర్ కాలువ నీళ్ళతో వరి పండించే మా వాళ్ళు పొలాల్లో రోజూ చూసేది కొంగలను. హంసను చూసిన వాడు మాలో ఒక్కడూ లేడు, అందుచేత అది కొంగ బండి అయింది. హంస పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుందని చెబుతారు గదా, మా హంస మాత్రం ఇంజను హెడ్డు ఖరాబైనప్పుడల్లా ఆయిలునూ రేడియేటరు నీళ్ళనూ కలిపి చక్కగా పాలు చేసి పెట్టేది.

మొదట్లో ఆ లారీలు సముద్రం అవతల నుంచి విడి భాగాలుగా వచ్చేవట, ఇక్కడ బిగించి అమ్మేవారట. తరువాత ఇంజను ఒక్కటే అక్కడిది, ఒళ్ళంతా ఇక్కడిది. ఆ తరువాత అంతా ఇక్కడే. మొదటి బండ్లకు ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద ముక్కు ఉండేది, ఇంజను ఆ ముక్కులో దాక్కునేది. తరువాతి కాలంలో ముక్కు తీసేసి మొహం చదును చేశారు, ఇంజను వచ్చి డ్రైవరు పక్కన కూర్చుంది. కంపెనీ వాళ్ళు దాన్ని కొత్త మోడలన్నారు, ఎండాకాలంలో దాని పక్కన కూర్చున్న మేము కుంపటి అన్నాం. స్టీరింగు తిప్పడానికి భుజాలు అరిగిపోయేవి. బ్రేకు పడాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలి. ఇన్ని చెప్పి కూడా ఎందుకు కొన్నారయ్యా అంటే, దాని ఛాసిస్ కోసం, అంటే కింది ఇనుప చట్రం కోసం. ఎంత బరువు వేసినా ఆ ఛాసిస్ వంగేది కాదు, చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీలు కూర్చునేవి కావు. బాగా మోసే వాడి మొండితనాన్ని భరించినట్టు ఆ బండిని భరించాం.

మా అక్క భర్త, కోదాడ బావ, నేనూ ఒకే రోజున చెరొక బండి కొన్నాం. ఆ రోజుల్లో లారీ అంటే ఉట్టి ఛాసిసే ఇచ్చేవారు. క్యాబిన్నూ తొట్టీ మనమే కట్టించుకోవాలి. కూర్చోవడానికి ఒక చెక్కపెట్టె, పట్టుకోవడానికి ఒక స్టీరింగు, మిగతా అంతా ఆకాశం. తలకూ మూతికీ తువ్వాళ్ళు చుట్టుకుని, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, హైదరాబాదు నుంచి బావ ముందు, నేను వెనుక బయలుదేరాం. చిట్యాల దాటాక వాన అందుకుంది. ముందు పోయే బావ బండి చక్రాలు లేపిన బురదంతా నా మీదికే వచ్చింది. మా ఇంటి ముందు దిగేసరికి, పుట్టింటికి వచ్చి ఉన్న మా అక్క, ఇద్దరిలో తన మొగుడెవరో తెలియక కాసేపు తేరిపార చూసింది. తరువాత ఎన్నో ఏళ్ళు ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వేది.

లోడుల కోసం మిర్యాలగూడ లారీ ఆఫీసుకు పోయేవాళ్ళం. బియ్యం మిల్లుల ఊరు కాబట్టి లోడుకు కరువుండేది కాదు గానీ, వంతు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగేచోట రేకుల కింద బల్లలుండేవి, ఎవరూ చెప్పకుండానే ఒక్కో కంపెనీ బండ్ల వాళ్ళు ఒక్కో బల్ల పట్టుకునేవారు. కొంగ బండ్ల బల్లకు పెద్ద, మా అమ్మ వైపు మేనమామ వరసైన మిర్యాలగూడ మామ. చక్రం ఊడదీసి జాకీ మీద నిలబడి ఉండడం మా బండ్లకు తరచూ జరిగేది గనుక, మీ కొంగ మళ్ళీ ఒంటికాలి మీద నిలబడ్డదా అని అవతలి బల్ల వాళ్ళు రోజూ అడిగేవారు. మామ చుట్ట తీయకుండానే జవాబిచ్చేవాడు: "నిలవడితే నిలవడ్డది. నాలుగు బస్తాలెక్కువైతే మీ దానోలె వంగి దండం పెట్టదు." రోజూ అదే ప్రశ్న, అదే జవాబు, రోజూ అందరం నవ్వేవాళ్ళం. ఏ కంపెనీ గొప్పదన్న తగువు అక్కడ ఎన్నడూ తెగలేదు. తెగితే మరునాడు ఏం మాట్లాడుకోవాలో తెలియదు గదా.

తరువాత కంపెనీకి రోజులు బాగాలేక మూతపడింది. విజయవాడలో బండి సామాను దొరికే దుకాణాయన మొదట వచ్చే వారం రమ్మన్నాడు, తరువాత వచ్చే నెల రమ్మన్నాడు, చివరికి ఏమీ అనకుండా టీ తెప్పించడం మొదలుపెట్టాడు. ఆ టీ తాగిన రోజున మాకు సంగతి అర్థమైంది.

పంపకం పద్ధతి పెట్టింది మిర్యాలగూడ మామే. తన బండి ఇక లేవదని తేలాక, దాన్ని పాత ఇనుముకు ఇచ్చే ముందు, మూడు ఊళ్ళలో కొంగ బండి ఉన్న ప్రతి వాడికీ కబురు పెట్టాడు. పానాలు పట్టుకుని అందరం పోయాం. అత్తమ్మ పొద్దుటి నుంచీ వంట చేసింది. ఎవరికి ఏది అవసరమో వాళ్ళే విప్పుకోవాలి, ధర మాట ఎత్తకూడదు. ఒకే సామాను ఇద్దరికి కావలసి వస్తే, ఎవరి బండి ఆగిపోయి ఉందో వాళ్ళది. అన్నదమ్ముల పంపకాల్లో తలలు పగలడం చూసిన ఊరు మాది, మా పంపకంలో ఒక్క గొంతు కూడా లేవలేదు. ఆ తరువాత మామ ఎక్కడ కలిసినా, ముందు నా బండికెక్కిన తన క్లచ్ ఎట్లుందని అడిగి, ఆ తరువాతే మా పిల్లలెట్లున్నారని అడిగేవాడు.

అట్లా ఒక్కొక్క బండీ పోతుంటే, ఉన్న బండ్లలో అది ఇంతా ఇది ఇంతా చేరుతూ వచ్చింది. కాగితాల్లో ఓనరును నేనొక్కణ్ణే గానీ, నా బండి మూత ఎత్తితే లోపల ఎందరి ఇంటిపేర్లో. ప్రతి పంపకానికీ మా ఇంటి వెనుక రేకుల కొట్టం నిండుతూ వచ్చింది, వంట గిన్నె చిన్నదవుతూ వచ్చింది. బేరింగులూ డైనమోలూ అంత సమృద్ధిగా ఎన్నడూ లేవు. వాటి గురించి మాట్లాడే వాళ్ళే తగ్గిపోయారు. మామ పోయాడు. మిర్యాలగూడలో మా బల్ల మీద వేరే కంపెనీ బండ్ల వాళ్ళు కూర్చోవడం చూసి, ఒకరోజు నేను నిలబడే ఉండి లోడు రాయించుకుని వచ్చేశాను.

చివరికి కొంగ బండ్లు రెండే మిగిలాయి, కోదాడలో బావది, సూర్యాపేటలో నాది. అప్పటికి అక్క లేదు. తరువాత మా ఇంటావిడ కూడా పోయింది. ఆడవాళ్ళున్నంత కాలం రాకపోకలు వాళ్ళే చూసుకున్నారు. మేమిద్దరం వాళ్ళ వెంట సామానులాగా వెళ్ళి వచ్చేవాళ్ళం. పనిలేకుండా ఒకరింటికొకరు పోయి కూర్చునే అలవాటు మా ఇద్దరికీ లేదు. ఉత్తగా వచ్చానని చెప్పాలంటే మొహమాటం. ఆ మొహమాటం నుంచి మా బండ్లే కాపాడాయి. అవి వంతులు వేసుకుని చెడిపోయేవి. నా బండి ఆగితే బావ మొదటి బస్సుకే దిగేవాడు, ఒక చేతిలో పానాల సంచి, ఇంకో చేతిలో తానే వండిన పాలేరు చెరువు చేపల పులుసు. అక్క చేతి పులుసుకు అది దూరపు చుట్టం కూడా కాదు, ఉప్పు చూసుకోకుండా వేసేవాడు, ఇద్దరం బాగుందనుకుంటూ తినేవాళ్ళం. పూటలో అయ్యే పనిని రెండు రోజులు చేసేవాళ్ళం. ఒక బోల్టు బిగించి ఒక కథ, ఇంకో బోల్టు బిగించి మళ్ళీ అదే కథ.

ఒక యేడు బావకు చూపు మసకబారింది. ఇక స్టీరింగు పట్టవద్దని కంటి దవాఖానలో గట్టిగా చెప్పారు. పంపకానికి రమ్మని ఆయన నాకు ఫోను చేసినప్పుడు, ఇంకా ఎవరెవరికి చెప్పావని అడగబోయి ఆగిపోయాను. నేను పోయేసరికి ఆయన లుంగీ ఎగగట్టి, బండి కింద పాత గోనె పరుచుకుని, తడుముకుంటూ బోల్టులు విప్పుతున్నాడు. తడుముకోవడమని పేరే గానీ, ఆ బండి మీద ఆయన చేతికి దారి తప్పే చోటే లేదు. నేను నా ఆలోచన చెప్పాను: నా బండి విప్పుదాం, నా సామాను నీ బండికి వేద్దాం, దాన్ని డ్రైవరుకు ఇచ్చి నువ్వు ఇంటి దగ్గర కూర్చుని నడిపించు. నిజానికి నాకు బండి పోయినా బెంగలేదు, రెండిట్లో ఏది మిగిలినా మేమిద్దరం మిగలాలన్నదే నా లెక్క. బావ బండి కింది నుంచే అన్నాడు: "కళ్ళులేనోడికి బండెందుకురా. నువ్వు నడుపు, నేను సప్పుడు ఇంటా."

గేరు బాక్సూ, వెనుక ఇరుసు హౌసింగూ, కమాను పట్టీలూ అన్నీ నాకే ఎత్తించాడు. ఆ సామాను పడ్డాక నా బండి ఎంత చక్కగా నడిచిందంటే, దాని జన్మలో అంత చక్కగా ఎన్నడూ నడవలేదు. ఆగడం లేదు, కారడం లేదు, వేడెక్కడం లేదు. అన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. తీరా అది దొరికాక, కోదాడ మీదుగా లోడుతో పోతూ బావ వాళ్ళ వీధి మలుపు దగ్గర బండిని నెమ్మది చేసేవాణ్ణి, ఆపడానికి కారణం దొరకక ముందుకు పోయేవాణ్ణి. ఇంటికొస్తే కొట్టం నిండా సామాను, ఇంట్లో నేను.

ఒకనాడు ఉండబట్టలేక ఫోను చేసి, మూడో గేరులో ఏదో సప్పుడు వస్తుంది బావా అన్నాను. నిజానికి ఏ సప్పుడూ లేదు. ఆయన ఇంజను పెట్టి ఫోను దగ్గర పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. గేరు వేసి క్లచ్ తొక్కి వదలమన్నాడు. వదిలాను. మళ్ళీ ఒకసారి తొక్కి వదలమన్నాడు. మళ్ళీ వదిలాను. అప్పుడు అన్నాడు: "బండి మంచిగనే ఉంది బామ్మర్దీ. నువ్వే మంచిగ లేవు. ఉత్తగనే రా."

మరునాడు బస్సెక్కి పోయాను. చేతిలో పానా లేకుండా ఆ ఇంటికి పోవడం నాకు అదే మొదటిసారి. వసారాలో రెండు కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. ఆయన తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. నేను కళ్ళద్దాలు తుడిచాను. కాసేపటికి ఆయన తన గేరు బాక్సు ఎట్లుందని అడిగాడు, నాకంటే మంచిగనే ఉందన్నాను, ఇద్దరం నవ్వాం, అక్కడి నుంచి మాటలు దొరికాయి. సాయంత్రం బస్సు దాకా వచ్చి, నా భుజం వెతికి పట్టుకుని, "మళ్ళ గూడ బండి బాగున్నప్పుడే రా" అన్నాడు.

అట్లా కొన్నిసార్లు పోయాను. ఆ వానాకాలం దాటకుండానే బావ పోయాడు.

నా బండిని కూడా తరువాత ఇచ్చేయక తప్పలేదు. దానికీ వయసు మీరింది, నాకూ మీరింది. పాత ఇనుము కొనేవాడు గ్యాసు సిలిండరుతో వచ్చాడు. వాళ్ళ నాన్న కాలం నుంచీ మా పద్ధతి ఎరిగినవాడు కాబట్టి, కోత మొదలుపెట్టే ముందు, "ఎవరన్న వచ్చేటోళ్ళు ఉన్నరా బాపూ?" అని అడిగాడు. జర ఆగమన్నాను. టీ పెట్టి ఇచ్చాను. ఇద్దరం తాగాం. అంతకన్నా ఆపడానికి నాకు దారి కనపడలేదు, ఇక కానిమ్మన్నాను. రేకుల కొట్టంలో దాచిన సామాను కూడా అదే ఇనుప తూకంలో పోయింది.

మా బండ్లు గొప్పవని నేను ఈనాటికీ అనను. అవి చెడ్డ బండ్లే, వాటి చెడ్డతనం వల్లనే మేము ఒకరికొకరం అవసరపడ్డాం. మునగాల దగ్గర హైవే పక్కన టీ తాగుతూ చూస్తుంటాను, ఒకదాని వెనుక ఒకటి నున్నగా, చప్పుడు లేకుండా పోతుంటాయి ఇప్పటి లారీలు. పక్కకు ఆగి మూత ఎత్తుకుని నిలబడ్డది ఒక్కటీ కనపడదు. ఇప్పటివి మంచి బండ్లు, అందులో అనుమానం లేదు. ఇంత మంచి బండ్లున్న ఈ కాలంలో ఇద్దరు ముసలివాళ్ళు ఒకరింటికొకరు ఏం వంక పెట్టుకుని పోతున్నారో, అదొక్కటే నాకు తెలియదు.