పడమటి గోడ

పుంగనూరులో మా ఇంటి పడమటి గోడ రాతిది, మూరెడు మందం. చలికాలంలో మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా ఎండ దాని మీదే పడేది. వీధిలో చలి మొదలయ్యే వేళకు గోడ లోపలివైపు వెచ్చబడేది. అమ్మ చాప పరుచుకుని, గోడకు వీపు ఆనించి, విత్తనానికి శెనక్కాయలు వొలిచేది. మేము ఆమెకు అటూ ఇటూ చేరేవాళ్లం.

"పగలంతా ఎండ తాగింది గదా, ఇప్పుడు మనకిస్తాండాది," అనేది. ఆ గోడ దగ్గర బీరువా కూడా పెట్టనిచ్చేది కాదు.

తొంభైల చివర్లో నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చింది. ఎండాకాలం ఇంటికి వెళ్తే ఆ గోడ పక్క గది కాలిపోతోంది. నా తెలివికి నేనే మురిసిపోతూ, గోడ బయట పొడుగునా రేకుల పందిరి వేయించాను. "నీ ఇష్టమప్పా," అంది అమ్మ. ఇల్లు చల్లబడింది. అందరూ మెచ్చుకున్నారు.

చలికాలం సెలవుకు వచ్చాను. సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే చాప మీద కూర్చుని, వీపు ఆనించి, వెంటనే ముందుకు జరిగింది. వెనక్కి తిరిగి గోడ మీద అరచేయి పెట్టి చూసింది.

"సల్లగుండాది," అంది. నన్ను తప్పుపట్టినట్టు కాదు, గోడకే ఒంట్లో బాగాలేనట్టు.

మళ్లీ ఎండాకాలం వస్తుంది కదా అని రేకులు అట్లాగే ఉంచాను. నా తెలివి తగలెయ్య! మూడు చలికాలాలు ఆమె దుప్పటి కప్పుకుని ఆ చాప మీద కూర్చుంది.

ఆమె చనిపోయిన ఏడాది రేకులు పీకించాను. గోడ మళ్లీ వెచ్చబడుతోంది. ఇప్పుడు నేనుండే మదనపల్లె నుంచి వెళ్లినప్పుడల్లా దానికి ఆనుకుని కూర్చుంటాను, పక్కన ఆమె చోటు వదిలిపెట్టి.