వెర్నా మాట వినని ఆట

వెర్నా కోల్బీ పగలు బడి బస్సు నడుపుతుంది. ఇంటికొచ్చాక వంటగది బల్ల మీద ఊరగాయ సీసాలు నడుపుతుంది. ఎర్రమూతవి ఆడవాళ్లు, పచ్చమూతవి మగవాళ్లు. వాటిని అటూ ఇటూ జరుపుతూ కొత్త కాంట్రా డాన్సులు, అంటే జంటలు వరసల్లో నిలబడి ఆడే పల్లె ఆటలు, కడుతుంది. ఆకలేసి ఎవరైనా వాటి మూత తీశారా, వాళ్ల పని అయిపోయినట్టే. నేనొకసారి తీశాను.

మా న్యూహాంప్‌షైర్ కొండ ఊళ్లలో శనివారం సాయంత్రమంటే డాన్సే. వెర్నా వేదికెక్కి ఎప్పుడేం చెయ్యాలో కేకేసి చెబుతుంది, దాన్నే మేం పిలవడం అంటాం; నేను పక్కన పియానో వాయిస్తాను. రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడ్డ జనం ఆమె ఏ చెయ్యి ఇమ్మంటే అది ఇస్తారు, ఎటు తిరగమంటే అటు తిరుగుతారు. విడత విడతకీ ప్రతి జంటా ఒక చోటు జరిగి కొత్త జంటని కలుస్తుంది. అందుకే ఒక్కరు తప్పితే ఆ తప్పు వరస పొడుగునా పాకుతుంది.

తప్పేది ఆరిన్ టటిల్. సామిల్లు రొదకి అతని చెవులు పోయాయి. పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు గానీ, గిరగిరా తిరుగుతూ వేదిక మీది పెదాలు ఎవరు చూడగలరు? వచ్చే శనివారం మా డాన్సు హాలు కట్టి వందేళ్లయిన పండగకి పక్క ఊళ్ల వాళ్లు కూడా వస్తున్నారని, హాలు వ్యవహారాలు చూసే ఆల్విన్ డాన్సు అయ్యాక హాల్లోనే వెర్నాని పట్టుకున్నాడు.

"ఆ రోజుకి ఆరిన్‌ని ఇంటి దగ్గరే ఉండమను. అందరి ముందూ పరువు పోతుంది. నువ్వు చెబితే బాధపడడులే."

"ఎందుకు బాధపడడు? పోయినవి చెవులేగా," అంది వెర్నా. కానీ చెబుతానని ఒప్పుకుంది. నాకు ఒళ్లు మండింది.

గురువారం రిహార్సల్లో పండగ కోసం కట్టిన కొత్త డాన్సు నేర్పింది. ఆరిన్ తప్పాడు. మళ్లీ వాయించమంది. మళ్లీ తప్పాడు. వెర్నా పిలవడం మానేసి అతన్నే చూడసాగింది.

"గమనించావా," అంది నాతో. "ఇంకెక్కడా తడబడట్లేదు. ప్రతిసారీ అక్కడే, అదే తప్పు."

"అయితే?"

"దారి తెలియనివాడు ఒక్కోసారి ఒక్కో సందులోకి పోతాడు. వీడు ఒకే సందులోకి పోతున్నాడు. అక్కడేముందో చూడాలి."

నలుగురూ కుడిచేతులు మధ్యలో కలిపి చక్రంలా తిరిగాక, పక్కవాళ్లకి మళ్లీ కుడిచెయ్యే ఇవ్వాలి. ఆరిన్ అక్కడ ఎడమచెయ్యి ఇస్తున్నాడు.

వెర్నా వేదిక దిగింది. పిలవడం మొదలెట్టాక ఆమె వరసలో నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. ఆరిన్‌ని పక్కకి జరిపి, అతని చోట నిలబడి వాయించమంది. చక్రం తిరిగింది, ఆగిపోయింది. ఆమె కుడిచెయ్యి ఇంకా నలుగురి చేతుల్లో ఇరుక్కునే ఉంది. ఎడమచెయ్యి దానంతటదే లేచింది.

"సీసాలకి చేతుల్లేవుగా," అని గొణుక్కుంది. తర్వాత అందరికీ వినపడేలా అంది: "తప్పు నాది. మీరంతా నేను చెప్పానని కుడిచెయ్యి ఇస్తున్నారు. నా మాట వినపడదు కాబట్టి అతను ఆట ఎటు పోతే అటు పోతున్నాడు."

ఆ చెయ్యి మారిస్తే ఆ తర్వాతదంతా మార్చాలి. ఆరిన్‌ని జోడీగా పట్టుకుని అక్కడికక్కడే మార్చింది. ఒక్క ముక్క చెప్పకుండా, అతని ఒళ్లు ఎటు మొగ్గితే అటే డాన్సు కట్టింది. జనం విసుగెత్తి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నా వేళ్లు పీకుతున్నా, ఇది ఎక్కడ తేలుతుందో చూడాలని వాయిస్తూనే ఉన్నాను.

చివరికి ఆరిన్ కోటు తొడుక్కుంటూ, హాలు దద్దరిల్లే గొంతుతో అన్నాడు: "నన్ను రావద్దని చెప్పాలిగా నువ్వు. ఆల్విన్ పెదాలు నేనూ చూశాను. చెప్పు మరి."

వెర్నా మొహం కందిపోయింది. అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"శనివారం వరస మొదట్లో నిలబడు."

"జోడీ ఎవరు?"

"నేనే."

"మరి పిలిచేదెవరు?"

"ఈ ఆటకి ఎవరూ పిలవక్కర్లేదు."

ఆ మాట ఆరిన్ మళ్లీ చెప్పించుకున్నాడు. మొదటిసారే అర్థమైందని నాకు తెలుసు.