సూర్‌కు తీసుకెళ్లిన మామిడికాయ పప్పు

ఏప్రిల్, రెండో శుక్రవారం. పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: ఎక్కడికెళ్లినా ముందు సీటు వదలని మా సంఘపెద్ద జాన్‌రత్నం అంకుల్ ఇవాళ కారు వెనక సీట్లో నా పక్కన కూర్చుని, ఏదో వల్లె వేసుకుంటున్నారు. "ఇంటర్వ్యూకా సార్?" అని మా కడప డ్రైవర్ మస్తాన్ భాయ్ నవ్వాడు. ఒక విధంగా అంతే. పోయిన వేసవిలో మా తెలుగు సంఘం విందులో భద్రాచలం వైపు కోయ అన్న సోమయ్య మామిడిపండు ముట్టలేదు. "ఇంకా అడవి ఆచారాలేనా?" అని అంకుల్ అందరి ముందూ నవ్వారు. సోమయ్య అన్న, తోటి కోయ అన్నలు మళ్లీ చర్చికి రాలేదు. తర్వాత వాళ్లు పనిచేసే సైట్ సూర్‌కు మారింది. వచ్చే నెల అంకుల్ ఒమాన్ వదిలి వెళ్లిపోతున్నారు. ఈలోగా క్షమాపణ అడగాలి. ఆ మాటలు రాసిచ్చింది నేనే. 'క్షమించు' అనాలా, 'మన్నించు' అనాలా అని ఎంతో ఆలోచించాను.

మేముండే అల్ మవాలే నుంచి ఖురయ్యాత్ మీదుగా సముద్రం పక్క రోడ్డు పట్టుకుంటే దాదాపు మూడు గంటలు. రానూపోనూ పెట్రోలుకు పది రియాళ్లు చాలు. దారిలో కరక్ చాయ్ తాగి, ఎండ ముదిరే వేళకు కార్మికుల క్యాంపులో సోమయ్య అన్న వాళ్ల రూమ్‌కు చేరాం.

"వందనాలయ్యా, ముందు కూసోండ్రి" అన్నాడు సోమయ్య అన్న. అంకుల్ నేను రాసిన మాటలన్నీ మరిచిపోయి, "తప్పు చేశానయ్యా" అన్నారు. సోమయ్య అన్న ఆయనకు మంచినీళ్లు అందించాడు. నేను తొందరపడి, వెంట తెచ్చిన క్యారియర్ తెరిచాను. మామిడికాయ పప్పు! పండు తినరని గుర్తుపెట్టుకుని, కాయకేం అభ్యంతరమని మా సంఘం ఆంటీలు వండారు. నేనూ సరేనన్నాను.

"మళ్ల మామిడే తెచ్చిండ్రా!" అని పక్క మంచం మీది అన్న పగలబడి నవ్వాడు.

"కాయైనా పండైనా ఒకటే బిడ్డా. ఊరంతా కలిసి కొత్త మామిడి పండుగ చేసినాకనే నోట్లె పెడతం, ఈ యేడు ఇంకా కాలే. ప్రభువును నమ్ముకున్నా గానీ ఊరిని ఇడిచిపెట్టలే" అన్నాడు సోమయ్య అన్న.

అంకుల్ గబగబా మూత పెట్టేశారు. "అయితే మేమూ తినం."

"మీరెందుకు మానుడు? నా కోసం పస్తు ఉన్నరని ఆ బరువు గూడ నా మీద పెడతరా?"

తినాలా, మానాలా? అంకుల్ నా వైపు చూశారు, నేను మస్తాన్ భాయ్ వైపు చూశాను. ఆఖరికి అంకుల్ తలవంచుకుని తిన్నారు. సోమయ్య అన్న నాకు ఎండుచేపల కూర వడ్డించాడు. చేతులు కడుక్కుంటూ అంకుల్ అడిగారు: "మరి నన్ను క్షమించినట్టేనా?"

"నవ్వింది అందరి ముందు. మాఫీ ఈ రూమ్‌లనా?"

కూర వడ్డించిన మనిషి ఆ మాట అంత మెల్లగా ఎలా అనగలిగాడో నాకు అర్థం కాలేదు. మేం చేసింది సయోధ్యో, ఇంకో గాయమో ఇప్పటికీ తెలియడం లేదు. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక్క సలహా: వంట మొదలుపెట్టే ముందే వాళ్లకు ఫోన్ చేసి, ఈ కాలంలో ఏం తినరో అడగండి.

రాత్రికి సూర్‌లోనే ఉంటున్నాం. రేపు పొద్దున్నే మా సంఘమంతా రోజూ కలిసే ఫోన్ ప్రార్థనలో, ఈ రూమ్ నుంచే, అంకుల్ జరిగింది చెప్పి అందరి ముందూ క్షమాపణ అడుగుతారు. ఫోన్ నేను పట్టుకుంటాను. పక్కన కూర్చుంటావా అని అంకుల్ అడిగితే సోమయ్య అన్న, "డ్యూటీ బస్సు వచ్చేదాక ఈడనే ఉంట" అన్నాడు.