ఎర్రబొట్టు కలప

మా గోడకవతల పాత కలప అడితి. ఇవతల నేను బట్టలు కుడతాను. మిషన్ చప్పుడులో నాకేమీ వినపడదనుకుంటారు వాళ్ళు. అన్నీ వినపడతాయి.

అడితేమో అన్నగారిది, చాకిరీ తమ్ముడిది. ఆ తమ్ముణ్ణే అందరూ ఎర్రబొట్టు అంటారు. కూల్చిన ఇళ్ళ వాసాలు, పీకేసిన కంచె గుంజలు వస్తే ఒక్కొక్కటీ తిప్పి చూసేవాడు. చెద పట్టకుండా మందు తాగించిన కలపైతే రెండు చివరలా ఎర్రరంగు బొట్టు పెట్టేవాడు. దొంతి పేరిస్తే బయటికి కనిపించేవి చివరలే కదా. బొట్టున్న వాటిలో గట్టివి మళ్ళీ కంచెకే వెళ్ళాలి, చివికినవి విషపు చెత్త తీసుకెళ్ళే బండికి ఎక్కాలి. పొయ్యిలోకి మాత్రం ఒక్క పుల్ల కూడా పోకూడదు.

“కాల్చినా ఆ విషం పోదు వదినా, బూడిదలోనే ఉంటుంది” అని నెత్తీ నోరూ కొట్టుకునేవాడు.

“చెక్కలకి కూడా జాతకాలు చెబుతావేంటయ్యా! మరి నీ జాతకమేంటి? మా పంచన పడి తినడమేనా?” అనేది వదిన. అన్న పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది.

ఆ ఇంట్లో అతనిదంటూ ఉన్నది ఒక్క ఆవు. బతకదని ఎవరో వదిలేసిన దూడకి సీసాతో పాలు పట్టి పెంచాడు. ఇప్పుడు దానికే ఒక దూడ. పాలు అమ్ముకుని వేరే గది చూసుకుంటానక్కా అనేవాడు నాతో. ముద్దముద్దకీ మాటలు పడే మనిషికి అంతకన్నా ఏం కావాలి? ఈలోగా పొద్దుటి పాలన్నీ వదినే పట్టుకుపోయేది.

వానలకి కట్టెలు తడిశాయి. వేన్నీళ్ళు లేవని వదిన గోల మొదలుపెట్టింది. తమ్ముడు సరుకుతో పొరుగూరు వెళ్ళిన రోజు చూసి అన్న పాకలో పొడిగా ఉన్న ఆ బొట్టు గుంజల్ని రంపం మీదికెక్కించాడు. పగిలిన చివరలు ముందు కోసి పారేయడం రంపం పనివాళ్ళ అలవాటు. చివరలతో పాటే బొట్లూ పోయాయి. ఆ ముక్కల్ని తమ్ముడు పడుకునే మూలలోకి విసిరేసి, “వాడి ఎర్రవి వాడికిచ్చేశాం, మిగతాది మనది” అన్నాడు. అబ్బో, ఏం తెలివి!

“కాల్చొద్దన్నాడుగా” అని నేను గోడ మీంచి అరిచాను.

“నీ కుట్టు నువ్వు చూసుకోవమ్మా” అంది వదిన.

సాయంత్రం ఆ బూడిద తీసుకెళ్ళి ఆవును కట్టేసిన చోటే కుమ్మరించింది. ఆ బూడిద ఉప్పగా ఉంటుందట. పిచ్చిముండ, ఆ ఆవు కడుపారా నాకింది.

మర్నాడు తమ్ముడొచ్చేసరికి అది నేల మీద కాళ్ళు కొట్టుకుంటోంది. తల ఒళ్ళో పెట్టుకుని మూతికంటిన బూడిద తుడిచాడు. తుడుస్తుండగానే ప్రాణం పోయింది.

“నువ్వు పూసిన ఆ పాడు రంగే చంపింది దాన్ని” అన్నాడు అన్న. ఛీ, వాడి నోట్లో మన్ను పడ!

తమ్ముడు బూడిద కుప్పను చూశాడు. మూలలో ఎర్ర ముక్కల్ని చూశాడు.

అప్పటికి గానీ వదిన మొహం పాలిపోలేదు. “ఏమయ్యా, పొద్దున ఆ పాలు మేమిద్దరం తాగాం. మాకేమీ కాదు కదా?”

ఇన్నేళ్ళలో వాళ్ళు అతన్ని ఒక మాట అడగడం అదే మొదలు.

“నాకు చెక్కల జాతకమే తెలుసు వదినా” అన్నాడు. “మనుషులది తెలీదు.”

దూడను విప్పుకుని మా గుమ్మం ముందునుంచే వెళ్ళిపోయాడు. అది వెనక్కి తిరిగి తల్లి కోసం అరుస్తూనే ఉంది.