బురఖా మీద మోడల్ పాఠం

మా బడిలో తనిఖీ అంటే గోడలకు సున్నం, కొత్త చార్టులు, సోషల్ సారు గొంతు. ఆయనంటే నాకు అసహ్యం. ఎదురుపడితే తల దించుకుని నమస్తే అనేదాన్ని, ఇంటికి పోయి డైరీలో చీల్చి చెండాడేదాన్ని. ధైర్యమంతా కాగితం మీదే కాబట్టి నా మీద నాకూ పెద్ద గౌరవమేమీ లేదు.

బెల్లంపల్లి దగ్గర ఆడపిల్లల బడి అది. ఎనభైల చివర. నాకు ఉద్యోగం వచ్చి ఏడాది. పదో తరగతి హాజరు పట్టీ నా దగ్గరుండేది. ఆ తరగతిలో ఒక్కతే ముస్లిం పిల్ల. తండ్రిది గనిలో పని, తల్లి ఇంట్లో మిషను కుట్టేది. ఏడో తరగతి కాగానే తండ్రి చదువు చాలన్నాడట. "బుర్ఖా ఏసుకొనే పోత, పది రాయనియ్యి అబ్బా" అని ఈ పిల్లే బేరం పెట్టింది. పొద్దున్నే వచ్చి బురఖా తీసి తలుపు వెనుక మేకుకు తగిలించి, ఓణీ తల మీదికి లాక్కుని మొదటి బెంచీలో కూర్చునేది. లెక్కల్లో ఆమెను మించినవాళ్లు లేరు.

సోషల్ సారుది హుస్నాబాద్ వైపు భూములున్న కుటుంబం. వాళ్లింటి ఆడవాళ్లకు ఘోషా. కొండగట్టుకు పోయినా జీపుకు నాలుగు వైపులా పరదాలు కట్టే పోవాలి, పరాయి మగవాడి కంట పడకూడదు. ఇది బడిలో అందరికీ తెలుసు. ఇందులో చెప్పుకోదగ్గదేమీ కనిపించనిది ఆయన ఒక్కడికే.

తనిఖీకి ఆయన ఎంచుకున్న మోడల్ పాఠం స్త్రీల వెనుకబాటుతనం. మోడల్ పాఠానికి పటమో బొమ్మో ఏదో ఒక బోధనోపకరణం ఉండి తీరాలి. ముందురోజు స్టాఫ్ రూములో చాయ్ ఊదుకుంటూ అన్నాడు:

"చార్టు ఎందుకు టీచరమ్మా, తలుపెన్క అసలుదే ఉన్నది గద. ఆ పిల్లకు తొడిగి నిలవెడ్త. ఆఫీసరు ఖుష్ అయితడు."

"వాళ్ల నాయినకు తెలిస్తే బడి మాన్పిస్తడు సార్," అన్నాను.

"మాన్పిస్తే మాన్పిస్తడు. మనకేం ఫికర్."

ఆ సాయంత్రం ఆయన పరదాల జీపు గురించి డైరీలో మూడు పేజీలు రాశాను. మర్నాడు ఆఫీసరు పక్క కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను.

ముస్లిం ఆడవాళ్లను ఒక్కరినైనా ఒక్క మాటైనా అడగకుండానే సారు వాళ్ల గురించి పావుగంట చెప్పాడు. వాళ్లకు చదువు గిట్టదట, లోకం తెలియదట, మనం జాలిపడాలట. తర్వాత మేకు మీది బురఖాను రెండు వేళ్లతో పట్టుకొచ్చాడు, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు.

"లే బిడ్డా. తొడుక్కొని ఇటొచ్చి నిలవడు."

ఆ పిల్ల లేచింది. కదల్లేదు.

"సార్, మీ జీపు పరదలు మా అమ్మీనే కుట్టింది. మొన్న కొత్తయి గూడ ఇచ్చింది. గవి గూడ తెస్తే అందరికి మంచిగ సమజైతది."

"జీపే తెస్తే అయిపాయె," అంది వెనుక బెంచీలో ఎవరో. తరగతంతా నవ్వింది. ఆఫీసరు దగ్గుతూ కిటికీ వైపు తిరిగాడు.

సాయంత్రం ఆ పిల్లను ఆపి, ఇంట్లో తెలిస్తే ఎట్లా అని అడిగాను. మర్నాడు వచ్చి, "నేనే చెప్పిన టీచర్. అబ్బా నవ్విండు," అంది. ఆ తండ్రిని నేనూ సారు చూసినట్టే చూశానని అప్పుడు తెలిసింది.

నవ్వనిది సారే. వారం తిరక్కుండా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"గా పోరికి హాజరు తక్కువున్నదని రాయి. హాల్ టికెట్ రావద్దు."

పట్టీలో ఆమె గైర్హాజరు రెండు రోజులు. నేను పట్టీ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాను.

"రాయను సార్."

అంతే అన్నాను. ఆయన పట్టీ వైపు చెయ్యి చాచాడు. కానీ పట్టీ తీసుకోవాలంటే నా చేతులు పట్టి లాగాలి. పరాయి ఆడదాని చెయ్యి తాకడం వాళ్ల ఇంటా వంటా లేదు కాబోలు, వెళ్లిపోయాడు.

మార్చిలో ఆ పిల్లకు హాల్ టికెట్ నేనే ఇచ్చాను. బురఖా తీయకుండానే సంతకం పెట్టి, చదువుకునేది ఉందంటూ తొందరగా పోయింది.