స్కూలు పిల్లలు వడ్డించిన పెళ్ళి

పుంగనూరులో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ముందు పురోహితుణ్ణి, ఆ తరువాత చెంగల్రాయుణ్ణి అడిగేవాళ్ళు. చెంగల్రాయుడికి ఆ రోజు ఖాళీ లేకపోతే మళ్ళీ పురోహితుడి దగ్గరికే పోయి ఇంకో ముహూర్తం చూడమనేవాళ్ళు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఆయన వండని కళ్యాణమండపం లేదు. ఆయన ఓళిగలకు, అంటే బొబ్బట్లకు, ఎంత పేరుండేదో నోటికీ అంత పేరుండేది. గాడిపొయ్యి దగ్గర నిలబడి ఆయన ఒక కేక వేస్తే, అవతల మేళం వాయించేవాళ్ళు కూడా ఉలిక్కిపడేవాళ్ళు.

తొంభై ఆరులో ఆయన వీధిలోనే ఒక పాత పెంకుటింట్లో చిన్న బడి మొదలైంది. మదనపల్లె నుంచి వచ్చిన అమరావతి అనే టీచరు దాన్ని పెట్టింది. మామూలు బళ్ళు చేర్చుకోని పిల్లల కోసం ఆ బడి. మాట సరిగ్గా రానివాళ్ళు, ఎంత చెప్పినా అక్షరం పట్టుబడనివాళ్ళు, పెద్దవాళ్ళవుతున్నా చొక్కా గుండీలు పెట్టుకోలేనివాళ్ళు అక్కడికి వచ్చేవాళ్ళు. వీధిలో చాలామంది తమ పిల్లల్ని ఆ వాకిలి దగ్గరికి పోనిచ్చేవాళ్ళు కాదు. చెంగల్రాయుడు మాత్రం పెళ్ళిళ్ళలో మిగిలిన అన్నం, పప్పు, పాయసం గిన్నెలకెత్తి అక్కడికి పంపేవాడు. పుణ్యం చేస్తున్నానని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక రోజు అమరావతి తోమిన గిన్నెలు తీసుకుని తనే ఆయన ఇంటికి వచ్చింది.

"అన్నా, ఇంక మిగిలింది పంపించొద్దన్నా."

"యాలమ్మా? చెడిపోయుండిందా? నా పొయ్యి మీద నుంచి దిగింది అంత బిరీన చెడదే!"

"వంటకేమన్నా, బ్రహ్మాండంగా ఉండాది. పిల్లోళ్ళు ఆశగా తింటాండారు. కానీ వీళ్ళను ఏ పెండ్లికీ పిలుచుకోని పోరు. సొంత చిన్నాయనింట్లో పెండ్లయినా ఇంట్లో పెట్టి తలుపేసి పోతారు. అందరూ తిని లేచినాక మిగిలిందే మనకు అని వీళ్ళకు అలవాటైపోయిండాది. బడిలోనూ అదే నేర్పిస్తే ఈ బడి యాలన్నా?"

ఆయనకు ముఖాన కొట్టినట్టయింది. గిన్నెలు తీసుకున్నాడు. ఆమె అటు పోగానే ఇల్లు ఎగిరిపోయేలా అరవడం మొదలుపెట్టాడు. అన్నం పెడితే తప్పా, ఇంత పొగరా అని. భార్య కుప్పమ్మ చింతపండు పిసుకుతూ అంతా విని, తాపీగా అంది.

"ఈడ అరిస్తే ఏమొస్తాది? ఆయమ్మ ఆడ ఏం నేర్పిస్తాందో ఒకతూరి పోయి సూడరాదా?"

మరుసటి రోజు ఆయన వెళ్ళి బడి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల పిల్లలు వరసగా, పెళ్ళిబంతిలో లాగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ముందు ఇస్తరాకుకు బదులు పాత పేపరు పరిచి ఉంది. అన్నానికి ఇసుక, కూరకు చింతగింజలు. రేఖ అనే పదమూడేళ్ళ పిల్ల డబ్బా పట్టుకుని వంగి వడ్డిస్తోంది. ఆ పిల్లకు మాటలు తక్కువ. నాలుక పళ్ళ మధ్య బిగించి, గింజలు ఒలకకుండా పేపరు మీద పెట్టి, కూర్చున్నవాళ్ళు చాలని తల ఊపేదాకా పక్కకు జరగడం లేదు. ఎక్కడా లేని పెళ్ళికి అంత మర్యాదగా వడ్డిస్తున్న ఆ పిల్లను చూసి చెంగల్రాయుడు తానెందుకు వచ్చాడో మరిచిపోయాడు.

"ముందు ఉప్పమ్మా! ఎడంపక్క కొసాకు!" అని తెలియకుండానే కేక వేశాడు.

పిల్లలంతా అదిరిపోయారు. ఒకడు ఏడుపు మొదలుపెట్టాడు. రేఖ మాత్రం ఆయన్ని తేరిపార చూసి, చిటికెడు ఇసుక తీసి పేపరు ఎడమ కొసన పెట్టి, సరేనా అన్నట్టు మళ్ళీ చూసింది.

"అదీ!" అంటూ ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చేశాడు.

ఆ తరువాత పెళ్ళి లేని రోజుల్లో ఆయన బడిలోనే ఉండేవాడు. కేకలు పనికిరావని అమరావతి ఆయనకు కూడా నేర్పాల్సి వచ్చింది. ఒకసారికి ఒక్కటే మాట, మెల్లగా, చేసి చూపిస్తూ చెప్పాలి. రేఖకు ఒక పని పట్టుబడ్డానికి నెలలు పట్టేది. పట్టుబడిందంటే ఇక తప్పేది కాదు. లోకేష్ అనే ఇంకో పిల్లవాడికి నీళ్ళు పొయ్యడమంటే ప్రాణం. గ్లాసు నిండగానే వాడి ముఖం వెలిగిపోయేది.

పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఇక వాళ్ళు నిజమైన బంతిలో వడ్డించాలని చెంగల్రాయుడు పట్టుబట్టాడు. మదనపల్లె బట్టల వ్యాపారి గంగాధరం పెద్దకూతురి పెళ్ళికి వంట మాట్లాడుకోను తాంబూలం తెచ్చినప్పుడు ఆ మాట అడిగాడు.

"శుభమా అని పెండ్లి చేసుకుంటాంటే ఆ పిల్లోళ్ళు యాలప్పా? సుట్టాలు ఏమనుకుంటారు?" అన్నాడు గంగాధరం.

చెంగల్రాయుడు తాంబూలం పళ్ళెం ఆయన చేతికే తిరిగి ఇచ్చాడు. "అట్లయితే వేరే వంటాయన్ను సూసుకో అప్పా."

ఆ సంగతి ఊరూరా పాకింది. చెంగల్రాయుడికి పిచ్చి పట్టిందన్నారు. ఆ యేడు పెళ్ళిళ్ళు తగ్గిపోయాయి. అయినా ఆయన షరతు మార్చుకోలేదు.

రెండువేల ఒకటిలో కుప్పం నుంచి కూరగాయల మండీ సుబ్రమణ్యం వచ్చాడు. కూతురు అనూష పెళ్ళి. ఓళిగలు చెంగల్రాయుడివే కావాలని ఆ అమ్మాయి పంతం. సుబ్రమణ్యం చాలాసేపు నసిగి, ఉప్పూ నీళ్ళ వరకైతే సరేనన్నాడు.

పెళ్ళిరోజు తెల్లచొక్కాలు, కొత్త పరికిణీలు వేసుకుని పిల్లలు అమరావతితో వ్యానులో కుప్పం చేరారు. మగపెళ్ళివారు బెంగళూరు రైల్లో అనుకున్నదానికి రెట్టింపు మంది దిగారు. ముహూర్తం కాగానే అందరూ ఒక్కసారిగా భోజనాల హాల్లోకి తోసుకొచ్చారు. కూలికి వచ్చిన వడ్డనవాళ్ళు తికమకపడ్డారు. ఒక ఆకులో సాంబారు రెండుసార్లు పడింది, పక్క ఆకులో అన్నమే పడలేదు. అరిచినవాళ్ళ దగ్గరికే అందరూ పరిగెత్తుతున్నారు.

పెళ్ళికొడుకు అవ్వ సిద్ధమ్మ బంతి చివర ఖాళీ ఆకు ముందు కూర్చుని ఉంది. ఆమె ఎవర్నీ పిలవలేదు. ఉప్పు పెడుతూ వచ్చిన రేఖ ఆ ఆకు దగ్గర ఆగిపోయింది. ఉప్పు గిన్నె కింద పెట్టి, వంటింట్లోకి పోయి ఓళిగల పళ్ళెం ఎత్తుకుని వచ్చింది. ఒకటి వడ్డించి, నెయ్యి పోసి, ఆమె తల ఊపేదాకా నిలబడింది. ఆ తరువాత అన్నం, పప్పు. వెనక లోకేష్ నీళ్ళతో. తక్కిన పిల్లలూ వచ్చి కలిశారు. ఏ కేకకూ బెదరకుండా, ఒక్క ఆకూ వదలకుండా, కొస నుంచి కొస దాకా నడిచారు. వాళ్ళు నడిచిన చోటల్లా గోల సద్దుమణిగింది.

"ఎవురి బిడ్డమ్మా నువ్వు?" అనడిగింది సిద్ధమ్మ.

"స్కూలు," అంది రేఖ.

ఆ ముసలామె సుబ్రమణ్యాన్ని పిలిచింది. "ఏమప్పా, ఇంత ఇదిగా వడ్డించేవాళ్ళను ఉప్పు గిన్నెలిచ్చి నిలబెట్టిండావే! మావాళ్ళ బంతులన్నీ ఈ బిడ్డలే వడ్డించాల."

సుబ్రమణ్యం పరుగున వంటింట్లోకి వచ్చి, "అన్నా, అన్నీ మీ పిల్లోళ్ళ చేతికే ఇచ్చేయండి!" అన్నాడు. చెంగల్రాయుడు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఓళిగల గంప లోకేష్ నెత్తికెత్తాడు. ఆఖరి బంతి లేచేదాకా పిల్లలే వడ్డించారు. అనూష పీటల మీది బట్టలతోనే వచ్చి, వాళ్ళను తన పక్కన కూర్చోబెట్టుకుని భోంచేసింది.

ఆ తరువాత పెళ్ళిళ్ళవాళ్ళు ముందుగా అడిగే మాట, "స్కూలు పిల్లోళ్ళు వస్తారు కదా?" అని. మదనపల్లె గంగాధరం రెండో కూతురి పెళ్ళికి తాంబూలంతో తనే వచ్చాడు. ఈసారి షరతు ఆయనే పెట్టాడు. పిల్లలు రాకపోతే తనకు వంటే వద్దన్నాడు. పుంగనూరు వ్యాపారులు కలిసి బడికి స్థలం చూసి, గదులు కట్టించి, వెనక వంట నేర్పే షెడ్డు వేయించారు. ఒకప్పుడు ఆ వాకిలి దగ్గరికి పిల్లల్ని పోనివ్వని వీధివాళ్ళే గృహప్రవేశానికి మామిడాకులు కట్టారు.

బైరెడ్డిపల్లె దగ్గర సేద్యం చేసుకునే రేఖ నాయన శ్రీనివాసులు, కూతురితో కలిసి నలుగురిలో కనబడడానికి ఎప్పుడూ ఇష్టపడేవాడు కాదు. పలమనేరులో ఒక చుట్టాల పెళ్ళికి వచ్చి బంతిలో కూర్చుంటే రేఖ వడ్డిస్తూ వచ్చింది. నాయనని ప్రత్యేకం ఏమీ చూడలేదు, అందరికీ పెట్టినట్టే పెట్టింది. పక్కాయన, "ఈ పాప చెయ్యి ఎంత కుదురుగా ఉండాది సూడు," అన్నాడు. శ్రీనివాసులు నడుం నిటారు చేసి, బంతంతా వినబడేట్టు, "నా కూతురప్పా!" అన్నాడు.

మోకాళ్ళు పట్టేశాక చెంగల్రాయుడు ఆ షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. రేఖ కొత్త పిల్లలకు ఓళిగలు తట్టడం చూపించేది. ఆయన ఉండబట్టలేక, "మంట తగ్గించమ్మా!" అని కేక వేస్తే, రేఖ వెనక్కి తిరగకుండానే, "తెలుసులే తాతా!" అనేది.